లోపం లైనుది కాదు

"మళ్ళీ పెట్టు," అన్నాడు రైమో.

"మూడుసార్లు విన్నావు."

"నాలుగోసారి వింటే అరిగిపోదులే. పెట్టు."

ఔలి మళ్ళీ నొక్కింది. వంటింటి బల్ల మీద, వెన్న గిన్నెకీ నల్ల రొట్టెకీ మధ్య ఉన్న కంప్యూటర్లోంచి గున్నెల్ గొంతు గలగలా మొదలైంది. గున్నెల్ ఉండేది స్వీడిష్ మాట్లాడే ఆలండ్ ద్వీపాల్లో. వీళ్ళుండేది కైనూ అడవుల్లో. మధ్యన ఫిన్లాండు దేశం చాలా భాగమూ, కొంత సముద్రమూ ఉన్నాయి. అయినా ఆవిడ మాట్లాడితే పక్కింటావిడ చక్కెర అడగడానికొచ్చి కూర్చుండిపోయినట్టే ఉంటుంది.

శీతాకాలం మొదటినుంచీ ఆవిడ ఇంటర్నెట్ కాల్స్‌లో ఔలికీ, ఎన్సియో అనే ఇంకో విద్యార్థికీ స్వీడిష్ నేర్పుతోంది. చివర్న పరీక్ష పెట్టేదీ ఆవిడే. ముఖాలు చూసుకోవడం లేదు, ఉత్త మాటలే. పాఠం స్వీడిష్‌లో చెప్పినా, ఇలాంటి కబుర్లు మాత్రం ఫిన్నిష్‌లోనే పంపుతుంది, అపార్థాలు రాకుండా.

"ఔలీ, ఎన్సియో, మీ ఇద్దరి సంభాషణ రికార్డింగు విన్నాను. పాపం, లైనులో ఏదో లోపం ఉన్నట్టుంది. ఎన్సియో ఒక ప్రశ్న అడిగాడు, తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఔలి రెండు మాటలంది, మళ్ళీ ఏమీ లేదు. మొత్తం ఇరవై నిమిషాల్లో మాటలు ఆరు నిమిషాలు కూడా రాలేదు. ఇందులో మీ తప్పేం లేదు కాబట్టి నేను మార్కులు వెయ్యడం లేదు. మారుమూల ఊళ్ళలో నెట్టు ఇలాగే ఏడుస్తుందని నాకు తెలుసు. బాగు చేయించుకుని మళ్ళీ ప్రయత్నించండి."

రైమో కాఫీ కప్పు కింద పెట్టాడు. పెట్టడం మెల్లగానే పెట్టాడు. అతనికి కోపమొచ్చినప్పుడు అన్ని పనులూ మరీ మెల్లగా చేస్తాడు.

"మారుమూల," అన్నాడు.

ఔలి రొట్టెకి వెన్న రాసుకుంది.

"ఏడుస్తుంది," అన్నాడు.

"ఆవిడ మాట తీరే అంత. మనసులో ఏం ఉండదు."

"మనసులో ఏం లేకపోతే నాకెందుకు? నోట్లో ఉంది."

రైమో బళ్ళో పిల్లలకి చెక్కపని నేర్పే మాస్టారు. కానీ అది జీతం కోసం. మనసంతా ఊరి కేబుల్ సహకార సంఘం మీదే. పెద్ద కంపెనీలు ఈ అడవిలోకి తీగ వెయ్యం పొమ్మంటే, ఊరంతా శ్రమదానం చేసి కందకాలు తవ్వి, మైళ్ళ పొడుగునా ఆప్టిక్ కేబుల్ పాతుకున్నారు. ఆ సంఘానికి రైమో అధ్యక్షుడు. వచ్చే వారం సర్వసభ్య సమావేశం. కొత్తగా చేరాలా వద్దా అని సరస్సు అవతలి ఇళ్ళవాళ్ళు ఊగిసలాడుతున్నారు. ఇలాంటి సమయంలో అధ్యక్షుడి సొంత వంటింట్లోనే లైను తెగుతోందన్న మాట బయటికి పొక్కితే, ఇక ఆ సమావేశంలో కాఫీ పోసేవాళ్ళు కూడా అతని కప్పు వదిలేసి వెళతారు.

"ఆవిడకి ఫోన్ చెయ్యి. మా లైనుకి ఏ రోగమూ లేదని చెప్పు."

"చెబితే?"

"చెబితే ఏమవుతుంది? నిజం తెలుస్తుంది."

ఔలి రొట్టె ముక్క నములుతూ కిటికీలోంచి మంచు చూసింది. నిజం తెలిస్తే ఏమవుతుందో ఆమెకి బాగా తెలుసు. లైను బాగుంటే ఆ రికార్డింగుకి మార్కులు వెయ్యాలి. వేస్తే ఆమె తప్పుతుంది.

తప్పితే కుర్చీ పోతుంది. పెళ్ళిళ్ళూ పుట్టుకలూ చావులూ నమోదు చేసే ప్రభుత్వ కార్యాలయంలో ఔలి తాత్కాలిక అధికారి. తాత్కాలికం మొదలై ఆరేళ్ళయింది. ఆ కుర్చీ పర్మనెంటు కావాలంటే స్వీడిష్ వచ్చినట్టు గున్నెల్ పరీక్ష నెగ్గి సర్టిఫికెట్టు చూపించాలి. ఈ చుట్టుపక్కల స్వీడిష్ మాట్లాడే మనిషి కావాలంటే వేసవిలో దారి తప్పిన యాత్రికుడే దిక్కు. అయినా అది దేశానికి రెండో అధికార భాష, రూలు రూలే. నెలాఖరులోగా చూపించకపోతే హెల్సింకీ నుంచి ఐదు భాషలొచ్చిన ఒక అమ్మాయి వస్తుంది. ఆ అమ్మాయికి ఏ ఫైలెక్కడుందో ఔలి చూపించాలి.

"ఏదీ, ఆ రికార్డింగు ఇటు తే," అన్నాడు రైమో.

పెద్ద హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకుని, కళ్ళు మూసుకుని, మొత్తం విన్నాడు. డాక్టరు రోగి గుండె వింటున్నట్టు విన్నాడు. మధ్యమధ్యలో వేలెత్తి చూపించాడు.

"ఇదిగో, ఇక్కడ ఎన్సియో కాఫీలో చెంచా తిప్పాడు."

"ఊఁ."

"ఇక్కడ వాళ్ళ కుక్క ఒళ్ళు దులుపుకుంది. బెల్టుకి గంట ఉన్నట్టుంది."

"ఉందిట."

"ఇది మన ఫ్రిజ్. ఇక్కడ ఆగిపోయింది. ఫ్రిజ్ మొదలవడం ఎవడైనా వింటాడు. ఆగిపోవడం వినిపించిందంటే ఆ లైను ఎంత శుభ్రంగా ఉందో ఆలోచించు." హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. "లైను అన్నీ మోసింది, ఔలీ. నువ్వే ఏమీ ఎక్కించలేదు."

"ఆలోచిస్తున్నాను."

"అంతసేపా?"

"ఆదివారాలు ఏం చేస్తావు అని అడిగాడు."

"చెప్పాల్సింది."

"ఏం చేస్తానో గుర్తు రావాలిగా. నోటికేదొస్తే అది చెప్పేస్తామా?"

అడిగిన వెంటనే జవాబు చెప్పేవాళ్ళంటే రైమోకీ అనుమానమే. ఈ ఊళ్ళో ఎవరికైనా అంతే. మనిషి అడిగిన ప్రశ్నకి కాస్త మర్యాద ఇచ్చి, లోపలికి తీసుకెళ్ళి, కూర్చోబెట్టి, అప్పుడు కదా జవాబు పంపించాలి. ఎన్సియోదీ అదే పద్ధతి. ఆ ఇరవై నిమిషాలూ ఇద్దరూ ఒకరికొకరు మర్యాద ఇచ్చుకుంటూనే ఉన్నారు. కాల్ పెట్టేశాక ఇద్దరికీ బ్రహ్మాండంగా మాట్లాడుకున్నామనే అనిపించింది.

ఆ సంగతి గున్నెల్‌కి ఎలా తెలుస్తుంది? ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగితే, ఆ సందులో కూడా ఇంకో మాట దూరుస్తుంది.

*

మర్నాడు ఎన్సియో కాల్ చేశాడు. అతను కాయానీ పట్నంలో రోడ్ల శాఖ ఇంజనీరు. అతనికీ ఆ సర్టిఫికెట్టే కావాలి. కాకపోతే అతని కుర్చీ ఎవరూ అడగడం లేదు కాబట్టి వచ్చే ఏడాదైనా ఫరవాలేదు.

"ఔలి," అన్నాడు.

"ఆఁ."

అవతల చెంచా కప్పుకి తగిలింది.

"గున్నెల్‌తో మాట్లాడాను," అన్నాడు.

"ఊఁ."

"లైను సంగతి అడిగింది."

"ఏం చెప్పావు?"

ఇది కష్టమైన ప్రశ్న. ఔలి ఆ సమయంలో కుండీలో మొక్కకి ఎండిన ఆకులు గిల్లింది.

"అవునన్నాను," అన్నాడు ఎన్సియో.

"అవునని అంటే?"

"లైను పాడైందని. ఎటువైపు అని అడిగింది. నా వైపు అయితే మా ఇంటికి ఆఫీసువాళ్ళు ఇచ్చిన లైను. దాని మీద చెబితే బాగుండదు కదా. అందుకని…"

"అందుకని నా వైపన్నావు."

"నీ వైపన్నాను."

ఔలి కుర్చీలో కూర్చుంది.

"దానివల్ల ఎవరికీ నష్టం లేదుగా," అన్నాడు ఎన్సియో. "తీగకి పరువేం ఉంటుంది?"

"మా ఇంట్లో ఉంటుంది. మా ఆయన దానికి అధ్యక్షుడు."

అవతల కుక్క గంట రెండుసార్లు మోగింది.

"ఓహో," అన్నాడు ఎన్సియో. తర్వాత, "శనివారం మధ్యాహ్నం నీకు కాల్ చేసి లైను తనే పరీక్ష చేస్తానంది. అది చెబుదామనే చేశాను," అని పెట్టేశాడు.

*

ఔలి ఆ మాట రైమోకి చెప్పింది. చెప్పిన తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. అయితే మామూలు రోజుల్లోనూ ఆ ఇంట్లో మాటలు అంతంతమాత్రమే కాబట్టి, ఇది కోపపు మౌనమని తెలియడానికి ఔలికి ఒక పూట పట్టింది. రైమో మంచు తవ్వడానికి వెళ్ళేటప్పుడు "వెళ్ళొస్తా" అనే బదులు గొంతు సవరించుకునేవాడు. ఆ సవరింపు మానేశాడు. అప్పుడు తెలిసింది.

రైమో మాట్లాడకపోయినా పని మాత్రం మానలేదు. గోడ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని వైర్లు మార్చాడు. మీటరు తెచ్చి కొలిచాడు. కొలిచినప్పుడల్లా ఔలికి వినిపించేలా "సున్నా," అనుకున్నాడు. లోపం సున్నా. ఆ మాట ఇంట్లో ఏ గదిలో ఉన్నా వినపడింది.

బుధవారం సౌనా, అంటే ఆవిరి స్నానాల గది, వేడి చేశారు. సౌనాలో ఎవరూ దెబ్బలాడుకోరు. చర్చిలో ఎలా ఉంటారో అక్కడా అలాగే ఉండాలని పెద్దవాళ్ళు చిన్నప్పుడే చెబుతారు. బట్టల్లేకుండా ఆవిరిలో పక్కపక్కన కూర్చుని, మొగుడూ పెళ్ళాలు చాలా మర్యాదగా దెబ్బలాడుకున్నారు.

"నీళ్ళు పొయ్యనా?" అన్నాడు రైమో.

"పొయ్యి."

రాళ్ళు బుస్సుమన్నాయి.

"శనివారం ఏం చెబుతావు?"

"ఇంకా అనుకోలేదు."

"లైను పాడైందని చెబితే నీ కుర్చీ నిలబడుతుంది. అది నాకు తెలుసు. నేనేం మొద్దునా?"

"అనలేదు."

"ఈ ఊళ్ళో ముసలాళ్ళు కూడా గడ్డపార పట్టుకుని తవ్వారు. నేను చెబితే తవ్వారు. వేసిన తీగకి ఇంతవరకూ ఒక్క మాట పడలేదు. ఇప్పుడు మాట పడుతోంది, అదీ నా ఇంట్లోంచి."

"ఆ కుర్చీలో ఆరేళ్ళు కూర్చున్నాను, రైమో. మీ మేనకోడలి పెళ్ళి కూడా నేనే చేశాను."

"బాగా చేశావు. రెండు ముక్కల్లో అయిపోయింది. అందరూ మెచ్చుకున్నారు."

"మరి?"

"మరి నేర్చుకోవడానికి నాకేమైనా చేతనైతే సాయం చేద్దును. నాకు ఆ భాషలో ఒక్క ముక్క రాదు, నీకు తెలుసుగా."

ఇది ఆ ఇంట్లో పాత సంగతి. బళ్ళో తప్పనిసరిగా స్వీడిష్ నేర్పినన్నాళ్ళూ పరీక్షలో తెల్ల కాగితమే ఇచ్చి వచ్చానని రైమో పరిచయమైన నాటి నుంచీ గొప్పగా చెప్పుకుంటాడు. ఔలి పుట్టింటివాళ్ళకి అతను మొదట నచ్చింది ఆ మాటకే.

"ఒక పని చేద్దాం," అన్నాడు. "ఆవిడ కాల్ చేసినప్పుడు నేను పక్కన కూర్చుంటాను. లైను ఒక్కసారి ఉలిక్కిపడినా సరే, తప్పు నాదేనని సమావేశంలో లేచి చెబుతాను. ఉలిక్కిపడకపోతే నువ్వు ఆవిడకి ఉన్నది చెప్పు."

ఔలి ఆలోచించింది. రైమో ఆగాడు. అవతలివాళ్ళు ఆలోచిస్తుంటే ఆగడం అతనికొచ్చు. రాళ్ళు చల్లబడేదాకా ఆగాడు.

"సరే, కూర్చో," అంది ఔలి. "చెప్పేది మాత్రం అప్పుడు చూస్తా."

*

శనివారం రైమో గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. సమావేశాలకి కట్టే టై కట్టుకున్నాడు.

"ఆవిడకి కనిపించవు," అంది ఔలి. "ఉత్త మాటే."

"తెలుసు."

టై మాత్రం విప్పలేదు. ఒక స్టూలు తెచ్చుకుని, పెళ్ళికొడుకు తండ్రిలా వెన్ను నిటారుగా పెట్టి, కంప్యూటరుకి కాస్త పక్కగా కూర్చున్నాడు.

కంప్యూటరు మోగింది. ఔలి నొక్కింది.

"హలో హలో ఔలీ, వినిపిస్తున్నానా, ఇక్కడ ఒకటే గాలి, మా పిల్లి మళ్ళీ తప్పిపోయింది, మీ వైపు లైను బాగు చేయించారా, నేను ఇప్పుడు బాగా వినిపిస్తున్నానా?" అంది గున్నెల్, స్వీడిష్‌లో, ఒక్క గుక్కలో.

ఔలి ఆలోచించింది. బాగా వినిపిస్తోంది. ఆవిడ వెనక కిటికీ రెక్క కొట్టుకోవడం కూడా వినిపిస్తోంది. ఉలికిపాటు లేదు, వణుకు లేదు. 'లేదు, తెగుతోంది' అని రెండు మాటలంటే చాలు. ఆ రెండు మాటలూ నిన్న రాత్రే సిద్ధం చేసుకుంది.

రైమో కేసి చూసింది. అతను ఆమె కేసి చూడటం లేదు. గోడలోంచి వచ్చే సన్నటి తీగ కేసి చూస్తున్నాడు. పరీక్ష హాలు బయట నిలబడ్డ తండ్రి లోపలున్న పిల్లాడి కేసి చూసినట్టు చూస్తున్నాడు.

"హలో? ఔలీ? అయ్యో, మళ్ళీ పోయిందే," అంది గున్నెల్.

"పోలేదు," అంది ఔలి. "లైను బాగుంది. ముందు కూడా బాగుంది. మేము మాట్లాడలేదు. నేను ఆలోచిస్తున్నాను."

పుస్తకంలో లేని వాక్యాలు స్వీడిష్‌లో చెప్పడం ఆమెకి అదే మొదటిసారి. చెప్పేశాక ఒళ్ళు తేలికపడింది. పక్కన రైమో భుజాలు కూడా కిందికి దిగాయి. ఏం చెప్పానో గొంతుని బట్టి పోల్చుకున్నాడు కాబోలనుకుంది.

"ఆలోచిస్తున్నారా," అంది గున్నెల్. "ఇద్దరూనా? అంతసేపూ?" తర్వాత నవ్వింది. తర్వాత నవ్వు ఆపింది. "ఔలీ, మీరు నిజం చెప్పారు, సంతోషం. కానీ నన్ను ఇరకాటంలో పెట్టారు. లైను తప్పయితే ఇంకో అవకాశం ఇవ్వొచ్చు. కాకపోతే ఆ రికార్డింగే లెక్కలోకి వస్తుంది. అది చాలదు. నేను చెయ్యగలిగింది ఒక్కటే. మీ నోటి పరీక్ష ఇప్పుడే, ఇక్కడే పెట్టేస్తాను. పదిహేను నిమిషాలు. అందులో నెగ్గితే ఆ రికార్డింగు గొడవ ఉండదు. రూళ్ళు మీకు తెలుసు. ఎదురుగా కాగితాలుండకూడదు, గదిలో రెండో మనిషి ఉండకూడదు. ఉంటే పరీక్ష రద్దు, ఈ ఏడాదికి మళ్ళీ లేదు. మీరు ఒక్కరే ఉన్నారు కదా?"

ఔలి వాక్యం కట్టుకోవడం మొదలుపెట్టింది. 'ఒక్క నిమిషం. మా ఆయన ఉన్నాడు. బయటికి పంపిస్తాను.' 'నిమిషం' అన్నదానికి స్వీడిష్ మాట దొరికింది. 'పంపించడం' అన్నదానికి దొరకలేదు. వెతికింది.

"మంచిది," అంది గున్నెల్. ఆవిడ ద్వీపాల్లో ఎవరూ కాదనకపోతే అవునన్నట్టే. "అయితే మొదలుపెడుతున్నాను. మీ ఇంట్లో ఉండే ఒక మనిషి గురించి చెప్పండి. ఆగకుండా చెప్పండి. ఆలోచించకండి."

అవతల ఏదో గడియారం నొక్కిన చప్పుడైంది.

ఔలి రైమోని చేత్తో తలుపు వైపు సైగ చేసింది. లేస్తే స్టూలు కిర్రుమంటుంది. రైమోకి తన స్టూలు సంగతి తెలుసు. తల అడ్డంగా ఊపి, ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాడు.

"మా ఇంట్లో ఒక మనిషి ఉంటాడు," అని ఔలి మొదలుపెట్టింది. "పేరు రైమో. ఎత్తు ఎక్కువ. జుట్టు తక్కువ. బళ్ళో పిల్లలకి చెక్కపని నేర్పుతాడు. మా ఇంట్లో స్టూళ్ళన్నీ కిర్రుమంటాయి."

గున్నెల్ నవ్వింది. ఆ నవ్వు ఔలిని ముందుకి తోసింది.

"అతను ఊరికి కేబుల్ వేశాడు. అందరి ఇళ్ళకీ వేశాడు. మా ఇంటికి చివర్న వేశాడు. నాకు కోపం వచ్చింది. తర్వాత గర్వం వచ్చింది. కోపం సంగతి చెప్పాను. గర్వం సంగతి చెప్పలేదు."

ఇంత సులువా అని ఆమెకే ఆశ్చర్యమేసింది. ఎదురుగా ఉన్న మనిషికి అర్థం కాని భాషలో అతని గురించి చెప్పడమంత హాయి ఇంకోటి లేదు. ఇన్నేళ్ళలో ఫిన్నిష్‌లో కుదరనివన్నీ వరసగా వచ్చేస్తున్నాయి. ఆదివారాలు ఏం చేస్తావన్న ప్రశ్నకి జవాబు కూడా దొరికింది.

"ఆదివారం అతను సరస్సు మీదికి వెళతాడు. మంచుకి బెజ్జం వేస్తాడు. రోజంతా కూర్చుంటాడు. చేపలు రావు. అప్పుడు అతను దుకాణానికి వెళతాడు. చేపలు కొంటాడు. ఇంటికొచ్చి, నేనే పట్టానంటాడు. ఆ చేపలకి పొట్ట శుభ్రం చేసి ఉంటుంది. నేను చూస్తాను. ఏమీ అనను. చాలా ఆదివారాలు ఇలాగే—"

"ఒక్కసారే," అన్నాడు రైమో.

స్వీడిష్‌లో అన్నాడు. ఔలి నాలుకకి ఇంకా పట్టుబడని ఆ సాగతీతతో సహా, పుట్టినప్పటి నుంచీ ఆ భాషే మాట్లాడుతున్నవాడిలా అన్నాడు. అనేసి, నోరు తనది కానట్టు, దాని మీద చెయ్యి పెట్టుకున్నాడు.

గున్నెల్ వైపు కిటికీ రెక్క ఒకసారి కొట్టుకుంది.

"ఔలీ," అంది గున్నెల్. గొంతులో గలగల లేదు. "మీ గదిలో ఎవరున్నారు?"

ఔలి రైమోని చూసింది. తెల్ల కాగితం ఇచ్చి వచ్చిన మనిషిని. అతని మెడ టై పైనుంచి చెవులదాకా ఎర్రబడింది. అతన్ని అడగాల్సింది చాలా ఉంది. కానీ ముందు జవాబు చెప్పాల్సింది ఆవిడకి. ఉన్నాడంటే పరీక్ష రద్దు. లేడంటే అబద్ధం, అదీ నిజం చెప్పినందుకు మెచ్చుకున్న మనిషితో.

తెర మీద, కాల్ తెంపేసే ఎర్ర గుర్తు వెలుగుతోంది. దాని మీద ఒక్క నొక్కు నొక్కితే చాలు. మారుమూల ఊరు, లైను తెగింది, గున్నెల్ నమ్మేస్తుంది. ఎవరిదో గొంతు ఏ లైన్లోంచో వచ్చి కలిసిందనుకుంటుంది. ఇంకో శనివారం దొరుకుతుంది.

ఔలి చెయ్యి దానంతటదే అటు వెళ్ళింది. వేలు గుర్తు పక్కన ఆగింది.

రైమో ఆ వేలు చూశాడు. గోడ దగ్గరి తీగని ఒకసారి చూశాడు. ఆ తర్వాత, మెల్లగా, లైను తెగిందనే అనుకోనీ, నొక్కెయ్యి అన్నట్టు తలూపాడు.

"ఔలీ?" అంది గున్నెల్. "ఆలోచిస్తున్నారా?"

వేలు కదల్లేదు.